స్విచ్ వెయ్యకండి, ముందు మూత తియ్యండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఇళ్లల్లో, బడుల్లో, షాపుల్లో మిగిలిపోయిన పాత కంప్యూటర్లను ఎలా కాపాడుకోవాలి, పదిమందికీ ఎలా చూపించాలి అని ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నలు ఉంటే ఒకటే వేశాం.

అయ్యా, మా నాయన శ్రీకాళహస్తిలో ప్రెస్సు నడిపినప్పటి 486 కంప్యూటరు ఇరవై ఏండ్లుగా అటక మీద పడుండాది. పిల్లోళ్లు స్విచ్చేసి చూద్దామంటా ఉండారు. వెయ్యొచ్చునా? – ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

వెయ్యొద్దు. ఇరవై ఏళ్లు ఆగింది, ఇంకో వారం ఆగితే పోయేదేమీ లేదు. ఇలాంటి కంప్యూటర్లు అటక మీద ఉండి పాడైనవాటికంటే, దించిన రోజే ఆత్రంగా స్విచ్ వేసి కాల్చుకున్నవే ఎక్కువ.

ముందు కేబినెట్ మూత తీసి మదర్‌బోర్డు చూడండి. కీబోర్డు సాకెట్ దగ్గర నీలంగానో పచ్చగానో, చిటికెన వేలి కణుపంత పీపా ఆకారంలో ఒక బ్యాటరీ ఉంటుంది. అది 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ. 386, 486 ప్రాసెసర్ల బోర్డులను ఎక్కువగా చంపింది ఇదే. కంప్యూటరు వాడకపోయినా బ్యాటరీ కారుతూనే ఉంటుంది. చుట్టూ పచ్చటి బూడిదలాంటి పొరగానీ, సాకెట్ కాళ్ల మీద తుప్పుగానీ కనిపిస్తే కారినట్టే. కారిన ద్రవం క్షారం. రాగి గీతల మీది పచ్చ పూత కిందికి పాకి, పైకి బాగానే ఉన్నట్టు కనిపించే గీతను లోపల తినేస్తుంది.

చేతులకు గ్లవ్స్ వేసుకుని, బ్యాటరీ రెండు కాళ్లనూ కటింగ్ ప్లయర్‌తో తుంచండి. తెల్ల వెనిగర్‌లో చెవి పుల్ల ముంచి, పచ్చ పొర ఉన్నచోట మాత్రమే రుద్దండి. క్షారాన్ని విరిచేది ఆ పులుపే. రాగి చెంబు తోమినట్టు చింతపండుతోనో నిమ్మకాయతోనో రుద్దకండి. వాటి గుజ్జు, చక్కెర బోర్డు మీద మిగిలిపోయి తేమను పట్టుకుంటాయి. తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆపైన 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. ఆరాక నల్లబడిన ప్రతి గీతనూ మల్టీమీటర్ బీప్‌తో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరీక్షించాలి. బీప్ రాని చోట సన్నటి తీగతో అతుకు వెయ్యాలి.

బ్యాటరీ లేకపోయినా కంప్యూటరు నడుస్తుంది, తేదీ, సెట్టింగులు మాత్రమే మరిచిపోతుంది. తీసిన చోట ఇప్పటి సీఆర్2032 బిళ్లను నేరుగా అతికించకండి. బోర్డు దాన్ని ఛార్జి చెయ్యాలని చూస్తుంది, ఆ బిళ్ల ఛార్జింగ్‌ను తట్టుకోలేదు. మధ్యలో డయోడ్ ఉండాలి. హార్డ్‌డిస్క్ మీది చీటీలో ఉన్న సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలు ముందే రాసి పెట్టుకోండి. బ్యాటరీ పోయాక ఆ అంకెలు చేత్తో కొట్టందే ఈ తరం కంప్యూటర్లు చాలావరకు తమ డిస్కును తామే గుర్తుపట్టవు.

ఇక పవర్ సప్లై. ఈ తరం కేబినెట్లలో ముందున్న స్విచ్‌కు నేరుగా 230 వోల్టులు వస్తాయి. ఇప్పటి కంప్యూటర్ల బటన్ లాంటిది కాదది. డబ్బా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. కాబట్టి దాన్ని టీవీ, యూపీఎస్‌లు రిపేరు చేసే మనిషి చేతికే ఇవ్వండి. మన వైపు డబ్బా విప్పితే ముందు కనిపించేది ఎండిపోయిన బల్లి. అది రెండు టెర్మినళ్ల మధ్య ఉందంటే స్విచ్ వేసిన క్షణమే షార్టు. రెండోది, కరెంటు లోపలికొచ్చే చోట ఉండే పసుపు పచ్చటి పారదర్శక కెపాసిటర్. దాని ఒంటి నిండా వెంట్రుకల్లాంటి బీటలుంటే తేమ తాగిందని అర్థం. కరెంటు ఇచ్చిన కాసేపటికే గదంతా కంపు కొట్టే పొగ వస్తుంది. మార్చేయించండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మదర్‌బోర్డును తగిలించకుండా, 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఉన్న సీరీస్ బోర్డు ద్వారా ఇవ్వాలి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల షార్టు ఉంది. ఈ తరం సప్లైలు లోడు లేనిదే సరిగా నడవవు కాబట్టి, పాడైన హార్డ్‌డిస్క్ ఒకటి తగిలించి కొలవండి. 5 వోల్టుల తీగ మీద 4.75 నుంచి 5.25, 12 వోల్టుల తీగ మీద 11.4 నుంచి 12.6 లోపల ఉంటేనే బోర్డుకు కలపాలి. కలిపేటప్పుడు రెండు కనెక్టర్లుంటాయి. రెండింటి నల్ల తీగలూ మధ్యలో పక్కపక్కన రావాలి. తిరగేసి పెడితే బోర్డు అక్కడికక్కడే పోతుంది.

ఇన్ని చేశాక కూడా తెర మీద ఏమీ రాకపోవచ్చు. అయినా సరే, బ్యాటరీ తీసి, కడిగి, ఆరబెట్టిన బోర్డు ఇంకో ఇరవై ఏళ్లు ఉంటుంది. మ్యూజియం పని దృష్టిలో చూస్తే అసలు పని అక్కడికే అయిపోయింది, నడవడం ఆ తర్వాతి సంగతి.

తిరుపతిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. 1996 నుంచి 2005 దాకా చేసిన శుభలేఖలు, కరపత్రాలు, జాతరల ఆహ్వానాలు సుమారు రెండు వందల ఫ్లాపీల్లో ఉన్నాయి. కొన్ని తెరుచుకోవడం లేదు. తెరుచుకున్నవేమో ఇంగ్లీషు పిచ్చి రాతలుగా కనిపిస్తున్నాయి. వీటిని ఎలా కాపాడాలి? – డీటీపీ నిర్వాహకురాలు, తిరుపతి

మీ దగ్గరున్నది చాలా విలువైన సరుకమ్మా. ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి: ఫ్లాపీ నుంచి బైట్లు రాబట్టడం ఒకటి, ఆ బైట్లను తెలుగుగా చదవడం ఇంకొకటి.

ముందుగా ప్రతి ఫ్లాపీ షట్టర్ పక్కకు జరిపి, వెనకున్న లోహపు చక్రాన్ని వేలితో నెమ్మదిగా తిప్పుతూ వెలుతురులో చూడండి. తెల్లటి చుక్కలు, వలయాలు కనిపిస్తే బూజు. అలాంటివి వేరే డబ్బాలో పెట్టండి. బూజు పట్టిన ఒక్క ఫ్లాపీని డ్రైవ్‌లో పెడితే ఆ బూజు హెడ్డుకు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీలను కూడా గీకేస్తుంది. వాటిని మాస్క్ వేసుకుని, నూగు రాలని బట్టకు 99 శాతం ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరాకే చదవాలి. డ్రైవ్ హెడ్డును కూడా పదేసి ఫ్లాపీలకొకసారి తుడవండి.

డ్రైవ్‌లో పెట్టేముందు మూలనున్న చిన్న కిటికీ తెరవండి. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో కన్నం తెరిచి ఉంటే రాయడానికి వీల్లేదు. ఐదుంపావు అంగుళాల వాటిలో సరిగ్గా దీనికి తలకిందులు, గాడిని మూసి అంటిస్తేనే రక్షణ. తొందరలో ఇది తారుమారు చేసుకుంటారు. ‘డిస్క్ ఫార్మాట్ అయిలేదు, చెయ్యమంటారా?’ అని విండోస్ అడిగితే ఎప్పుడూ వద్దనే చెప్పండి.

ఫైళ్లను ఒక్కొక్కటే కాపీ చెయ్యకుండా, ఫ్లాపీ మొత్తానికి ఒక ఇమేజ్, అంటే బైటు బైటుకూ అచ్చు నకలు, తియ్యండి. 1.44 ఎంబీ ఫ్లాపీలో 80 ట్రాకులు, 2 వైపులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. గుణిస్తే 14,74,560. మీ ఇమేజ్ సైజు సరిగ్గా ఇంతే రావాలి, ఒక్క బైటు తగ్గినా మధ్యలో ఆగిపోయినట్టే. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం చదవలేని సెక్టార్లను దాటుకుంటూ పోయి, మళ్లీ వెనక్కొచ్చి వాటినే పదే పదే ప్రయత్నిస్తుంది. అప్పటికీ మొండికేసిన వాటికి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు దొరుకుతుంది. మామూలు పాత డ్రైవ్‌కు దాన్ని తగిలిస్తే, ఫైళ్ల జోలికి పోకుండా ఫ్లాపీ మీది అయస్కాంత మార్పులనే నేరుగా పట్టేస్తుంది. ఐదుంపావు అంగుళాలవి కూడా దీంతోనే చదవాలి, బజారులో దొరికే యూఎస్‌బీ డ్రైవ్‌లు వాటిని మింగలేవు.

ప్రతి ఇమేజ్‌కూ ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య (ఫైలుకు వేలిముద్ర లాంటిది) తీసి ఒక పట్టికలో రాయండి. ఏడాది తర్వాత మళ్లీ లెక్క కట్టినప్పుడు ఆ సంఖ్య మారితే ఫైలు చెడిందని తెలిసిపోతుంది. మూడు కాపీలు పెట్టండి, అందులో ఒకటి షాపులో కాకుండా వేరే చోట ఉండాలి. ఫ్లాపీ మీద చేత్తో రాసిన చీటీని ఫొటో తియ్యడం మరవకండి. ‘పెళ్లి – రెండో ప్రూఫు – గోవిందరాజస్వామి సత్రం’ అని చీటీ మీదున్నది లోపలి ఫైలు పేరులో ఉండదు.

ఇప్పుడు పిచ్చి రాతల సంగతి. యూనికోడ్ 1991లోనే తెలుగుకు స్థానం ఇచ్చింది గానీ, మన డీటీపీ చాలా ఏళ్లు దాని జోలికి పోలేదు. అను లాంటి ఫాంట్లు తలకట్టు, గుడి, ఒత్తు అంటూ అక్షరాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలను ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గళ్లలో కూర్చోబెట్టాయి. కంప్యూటరు లెక్కలో మీ శుభలేఖ ఎప్పుడూ ఇంగ్లీషే. ఫాంటు తీసేస్తే ముసుగు తొలగినట్టు అసలు గుర్తులు బయటపడతాయి. అందుకే ఫైలుతో పాటు, అప్పట్లో వాడిన ఫాంట్లనూ కీబోర్డు డ్రైవరునూ అదే ఫోల్డరులో పెట్టాలి. ప్రింటర్ పోర్టుకు తగిలించే తాళం ముక్క, అదే డాంగిల్, మీ దగ్గరుంటే బంగారంలా దాచండి. అది లేనిదే కొన్ని ప్రోగ్రాములు తెరుచుకోవు.

ఒక్కో ఫైలుకు మూడు రూపాలు ఉంచుకోండి. మొదటిది తాకని అసలు పేజ్‌మేకర్ ఫైలు. రెండోది, పాత విండోస్‌ను ఇప్పటి కంప్యూటరులో వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటరు లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటరుగా, నడిపి, అందులోంచి తీసిన పీడీఎఫ్. ఫాంట్లు లోపలే ఇమిడిపోతాయి కాబట్టి పేజీ మీరు చేసినట్టే కనిపిస్తుంది. మూడోది, వెతుక్కోవడానికి యూనికోడ్‌లోకి మార్చిన పాఠం. కన్వర్టర్లు ఒత్తుల దగ్గరే తప్పుతాయి. క్ష అనే అక్షరం యూనికోడ్‌లో క, పొల్లు, ష అనే మూడు సంకేతాల వరస, పాత ఫాంటులో అది ఒకే గడి కావచ్చు, రెండు ముక్కలూ కావచ్చు. లక్ష్మి, స్వామి, శ్రీకృష్ణ అని వచ్చే చోట్ల తప్పకుండా ప్రూఫు చూడండి. మన ఆహ్వానాల్లో అవే ఎక్కువ కదా.

కంప్యూటర్ సామాను బీరువాలో పెట్టి నాఫ్తలిన్ గోళీలు వేశాం. చాలునా? – రిటైర్డ్ ఉద్యోగి, పుత్తూరు

గోళీలు ముందు తీసెయ్యండి. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. కర్పూరం కూడా అంతే. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాస్తారు కదా అని దీనికీ రాద్దామనుకునేవాళ్లున్నారు. అక్కడ పనికొచ్చింది ఇక్కడ పనికిరాదు, నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది.

మనకు ఎండాకాలం వేడికంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ముసురే ప్రమాదం. బీరువాలో చిన్న హైగ్రోమీటర్ పెట్టి, తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూడండి. సిలికా జెల్ సంచులు రంగు మారినప్పుడల్లా ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. పాలిథిన్‌లో బిగించి కట్టకండి, రాత్రి చల్లబడినప్పుడు లోపలే చెమ్మ పడుతుంది. బబుల్ ర్యాప్ గుండ్రాలు ఏళ్లు గడిస్తే ప్లాస్టిక్ మీద అచ్చుపడతాయి. బాగా ఉతికిన పాత నూలు పంచెకు మించినది లేదు. సామాను నేల మీద కాకుండా నాలుగు అంగుళాల చెక్కల మీద, బయటి గోడకు ఎడంగా ఉండాలి. గాలి కన్నాలకు దోమల మెష్ కట్టండి, బల్లుల బెడద తీరుతుంది.

మా ప్రభుత్వ పాఠశాలలో ఒక గదిని కంప్యూటర్ మ్యూజియంగా చేయాలనుకుంటున్నాం. అద్దాల పెట్టెల్లో పెడితే పిల్లలు ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారేమో. పెద్ద మ్యూజియాలు ఏం చేస్తాయి? – ఉపాధ్యాయిని, చిత్తూరు

మీ అనుమానం నిజమే టీచర్ గారూ. ఆగిపోయిన కంప్యూటరు చూడ్డానికి ఒక డబ్బా మాత్రమే. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో ఉన్న కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఐబీఎం 1959లో ప్రకటించిన 1401 రకం కంప్యూటర్లు రెండింటిని వాలంటీర్లు బాగుచేసి నడుపుతున్నారు. వాళ్లలో రిటైర్డ్ ఇంజనీర్లే ఎక్కువ. కన్నాలు కొట్టిన పంచ్ కార్డులు గలగలా లోపలికి పోతుంటే, ప్రింటరు దడదడమంటుంటే ఎవరూ కదలరు. ఇంగ్లండులో బ్లెచ్లీ పార్క్ ఆవరణలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్‌లో 1951 నాటి హార్వెల్ డెకట్రాన్ కంప్యూటరు ఉంది. 2012లో దాన్ని మళ్లీ నడిపించారు. ఒక గుణకారానికి దానికి కొన్ని సెకన్లు పడుతుంది. గాజు గొట్టాల్లో నారింజ రంగు చుక్క అంకె నుంచి అంకెకు జరుగుతూ పోవడం కంటికి కనిపిస్తుంది. బడికి కావలసింది ఇలాంటి నిదానమే. కంప్యూటరు లెక్క చేస్తుండగా కళ్లారా చూసిన పిల్లవాడికి ప్రాసెసర్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి యంత్రాలు మనకు దొరకవు. దొరికేది అట్ట. ఐబీఎం పంచ్ కార్డుకు 80 నిలువు గళ్లు, 12 అడ్డ వరసలు. ఒక నిలువు గడికి ఒక అక్షరం. వరసలు పైనుంచి 12, 11, 0, ఆ తర్వాత 1 నుంచి 9. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ నుంచి ఐ దాకా 12వ వరసలో ఒక కన్నం, దాంతో పాటు 1 నుంచి 9 వరకు ఒక కన్నం. జే నుంచి ఆర్ దాకా 11తో 1–9. ఎస్ నుంచి జెడ్ దాకా 0తో 2–9. పిల్లలు తప్పేది ఇక్కడే, ఎస్‌కు 0తో 1 అని కొట్టేస్తారు. ఆ గుంపులో ఎనిమిది అక్షరాలే ఉన్నాయి, లెక్క 2 నుంచి మొదలవుతుంది.

తిరుపతి అని ఇంగ్లీషు స్పెల్లింగులో రాస్తే ఎనిమిది గళ్లు: టీకి 0-3, ఐకి 12-9, ఆర్‌కు 11-9, యూకు 0-4, పీకి 11-7, ఏకు 12-1, మళ్లీ టీ 0-3, ఐ 12-9. డ్రాయింగ్ చార్టు మీద 12 వరసలు, 20 గళ్లు గీసి జిరాక్స్ తీయించండి. ఒక్కో గడి సెంటీమీటరు ఉంటే చాలు. కింద థర్మోకోల్ పెట్టుకుని దబ్బనంతో గుచ్చాలి. పేపర్లకు కన్నాలు వేసే పంచ్ మధ్య వరసలకు అందదు. తన పేరు గుచ్చిన కార్డును పిల్ల పక్క బెంచీకిస్తే, వాళ్లు కిటికీ వైపు పట్టుకుని వెలుగు వచ్చే చోట్లను బట్టి పేరు చదవాలి. కార్డు రీడరు చేసే పనీ అంతే.

ఆ తర్వాత ఒక ఫ్లాపీ చేతికిచ్చి, ‘దీంట్లో ఎన్ని కార్డులు పడతాయి?’ అని అడగండి. 14,74,560ని 80తో భాగిస్తే 18,432 కార్డులు. కార్డు మందం అంగుళంలో వెయ్యో వంతులు ఏడు, కాబట్టి దొంతర పేరిస్తే పది అడుగులు దాటి మీ గది పైకప్పును తాకుతుంది. గోడ మీద ఆ ఎత్తుకు ఒక గీత గీయండి చాలు, బోర్డు మీద పేరా రాయక్కర్లేదు.

పిల్లలు తాకడానికి వేరుగా సామాను పెట్టండి. ఒకే రకం కీబోర్డులు రెండుంటే ఒకటి రిజిస్టరులోకి, ఒకటి బల్ల మీదికి. బల్ల మీదిది అరిగిపోతుందని ముందే ఒప్పుకోవాలి. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఒకటి నడిచిందంటే గది నిండిపోతుంది. పేరు కొట్టి చీటీ చింపి ఇవ్వండి. హెడ్డు వేళ్లు కాలేంత వేడెక్కుతుంది, మూత తీసి నడపొద్దు. పాత కంప్యూటరును రోజుకు పావుగంటకు మించి నడపకండి, నడిపిన ప్రతిసారీ తేదీ, నిమిషాలు పుస్తకంలో రాయండి. మిగతా సమయంలో ఎమ్యులేటర్, అంటే పాత కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాం, చాలు. ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద పాత ఆటలు, బేసిక్ భాషలో రాసిన ప్రోగ్రాములు నడుస్తాయి. అయితే అది ఎమ్యులేటర్ అని చీటీ అంటించాలి. అసలుదని నమ్మించడం మ్యూజియం చెయ్యకూడని పని.

ప్రదర్శనలు చేసే ముందు పిల్లలను అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి, ఏ వస్తువు దగ్గర ఎంతసేపు నిలబడ్డారో వాచీ పెట్టి చూడండి. మీ గదిలో ఏది ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది.

గుజిరీలో కిలోల లెక్కన పాత కంప్యూటర్లు అమ్మేస్తున్నారు. వీటిలో దాచదగ్గవి ఏవి? ఎలా నమోదు చేయాలి? – ఇంజనీరింగ్ విద్యార్థి, కుప్పం

దేశంలో ఘనమైన చరిత్రంతా కోల్‌కతా, ముంబై, హైదరాబాదుల్లో ఉంది. 1955లో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన హెచ్ఈసీ-2ఎం కంప్యూటరు, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో తయారై 1960లో పనిచేసిన టిఫ్రాక్, 1967లో హైదరాబాదులో పుట్టిన ఈసీఐఎల్ అనే ప్రభుత్వ కంపెనీ చేసిన యంత్రాలు అలాంటివి. అవి మీ గుజిరీకి రావు. పెంటియం డబ్బాలేమో దేశమంతా దొరుకుతాయి. మీరు దాచాల్సింది ఇక్కడ ఏదో ఒక పని చేసిన డబ్బా.

కుప్పంలోనే చూడండి. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టింది. అందులో పొదుపు సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సోలార్ ఛార్జింగ్ పట్టుకుని ఊళ్లలో ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చారు. ఆ ఫొటో ఒక్కటి దొరికినా, వెనక ఎవరు తీశారో రాసి ఉన్నా, పది సీపీయూల కంటే గొప్ప. ఎస్టీడీ బూత్‌లో కాల్ అవగానే చీటీ కొట్టే మీటరు యంత్రం, మామిడి మండీలో తూకం బిల్లులు వేసిన కంప్యూటరు, 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు ‘కార్డ్’ అనే ప్రభుత్వ పథకం కింద కంప్యూటర్లు వచ్చినప్పటి దస్తావేజు నకళ్లు, ఇవన్నీ మన జిల్లా కంప్యూటర్ చరిత్రే.

నమోదు సులువు. 2025.3.1 అంటే 2025లో మూడోసారి వచ్చిన సామానులో మొదటి వస్తువు. మౌసు, కీబోర్డు కలిసి వస్తే 2025.3.2, 2025.3.3. నంబరును వస్తువు మీద మార్కరుతో రాయొద్దు, నూలు దారంతో కట్టిన అట్ట ముక్క మీద పెన్సిల్‌తో రాయండి. ఆరు వైపులా ఫొటోలు, సీరియల్ నంబరు, ఇచ్చినవాళ్ల సంతకంతో ఒక కాగితం. ‘ఇచ్చేశాను, తిరిగి అడగను’ అన్న మాట అందులో ఉండి తీరాలి. లేకపోతే పదేళ్ల తర్వాత మనవళ్లొచ్చి అడుగుతారు. వీలైతే ఆపరేటరును అరగంట కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేయండి. ‘జీతం ఎంత?’ అని కాదు, ‘కరెంటు పోతే ఏం చేసేవాళ్లు? తప్పు బిల్లు ఎలా దిద్దేవాళ్లు?’ అని అడగండి. మిగిలిన చెత్తను ఈ-వేస్ట్ తీసుకునే అనుమతి ఉన్నవారికే ఇవ్వండి. గుజిరీలో తీగలు కాల్చి రాగి తీసే పద్ధతి ఊపిరితిత్తులకు విషం.

తెల్లటి కేబినెట్ పసుపెక్కింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుందట. చెయ్యమంటారా? – ఒక పాఠకురాలు, మదనపల్లె

తెల్లబడుతుందమ్మా, కానీ కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కొచ్చు, ప్లాస్టిక్ పెళుసుగా మారొచ్చు. మన ఎండకు మందు మధ్యలోనే ఆరిపోయి మచ్చలు మచ్చలుగా పోతుంది, ఆ మచ్చలు ఇక పోవు. మీ సొంతానికి వాడుకునే వస్తువైతే మీ ఇష్టం. దాచిపెట్టే వస్తువైతే మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, తడిపి గట్టిగా పిండిన బట్టతో తుడిచి, ఎండ తగలని చోట పెట్టండి.